కదిలిన స్వరము తిరిగి వచ్చుట ఎట్లు? – గిటారు ట్రెమొలో మీట చరిత్ర

గుంటూరు నుండి పొన్నూరు మీదుగా బాపట్ల పోయే దారిలో చేబ్రోలు ఉన్నది. కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మకు ఆలయమున్న ఊరుగా దానిని చాలమంది ఎరుగుదురు. చరిత్ర చదివినవారికి అది జాయప సేనాని ఊరు కూడ. కాకతీయ గణపతిదేవుడు వెలనాటి మీదికి, దివిసీమ మీదికి దండెత్తి వచ్చిన పిమ్మట జాయప తోబుట్టువులను ఇద్దరిని వివాహమాడినాడు; జాయపను తన కొలువులో చేర్చుకొని గజసైన్యానికి అధిపతిని చేసినాడు. చేబ్రోలులోని జాయప శాసనం 1213వ సంవత్సరం నాటిది. ఏనుగులను నడిపిన ఈ సేనాని 1253-54లో ‘నృత్తరత్నావళి’ అనే గొప్ప నాట్యశాస్త్ర గ్రంథం వ్రాసినాడు. ‘గీతరత్నావళి’, ‘వాద్యరత్నావళి’ అనే గ్రంథాలు కూడ వ్రాసినాడని ప్రతీతి. అవి దొరకలేదు. వాద్యాల మీద ఆయన ఏమి చెప్పియుండునో కదా అని సంగీతం తెలిసినవారికి ఎప్పుడూ ఒక వెలితి.

ఆ వెలితిని కొంత తీర్చువాడు ఆయనకు సమకాలికుడైన శార్ఙ్గదేవుడు. దేవగిరి యాదవరాజు సింఘణుని ఆశ్రయంలో ఉండి ‘సంగీతరత్నాకరం’ వ్రాసిన శార్ఙ్గదేవుడు, వినువారి మనస్సుకు హాయి గూర్చే స్వరకంపనమే గమకమని నిర్వచించినాడు. పదునైదు గమకాలను పేర్కొన్నాడు. వాటిలో తిరిపము, స్ఫురితము, కంపితము, లీనము, ఆందోళితము, ప్లావితము అనే ఆరింటికి తేడా ముఖ్యంగా వేగంలోనే. మొదటిది మిక్కిలి వడిగా ఊగుతుంది, చివరిది మిక్కిలి నెమ్మదిగా. స్వరాన్ని కదిలించుట మన సంగీతానికి పైపూత కాదనీ, 13వ శతాబ్ది నాటికే దానికి కొలతలతో కూడిన శాస్త్రం ఏర్పడి ఉన్నదనీ దీనివలన తెలుస్తున్నది.

ఏడు వందల ఏండ్ల తరువాత అమెరికాలో కొందరు మెకానిక్కులు ఇదే పనిని ఒక ఇనుప మీటతో చేయించబూనినారు. విద్యుత్ గిటారు మీద, వాయించేవాని కుడిచేతి క్రింద, వంకరగా నిలిచియుండే సన్నని కడ్డీని మీరు చూచియే యుందురు. దానినే ట్రెమొలో మీట అంటారు. దాని నొక్కితే ఆరు తీగల స్వరమూ ఒక్కసారిగా క్రిందికి జారును. విడిచిపెడితే తిరిగి పైకి వచ్చును. రావలసిన చోటికే వచ్చునా అన్నదే అసలు ప్రశ్న. ఆ మీట చరిత్ర అంతా ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటలోనే గడిచినది.

ముందు తీగ సంగతి చూతము. ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లో ప్రకటించిన సూత్రాలు మన ఉన్నత పాఠశాలల్లో చెప్పుచునే ఉన్నాము. తీగ పొడవు తగ్గితే పౌనఃపున్యం పెరుగును. తీగ బరువైతే తగ్గును. బిగువు పెరిగితే దాని వర్గమూలానికి అనుపాతంగా పెరుగును. వాయించుచుండగా తీగ బరువు మార్చలేము. కాబట్టి మిగిలినవి రెండే: పొడవు మార్చుట, బిగువు మార్చుట. వయొలిను మీద వ్రేలు జారినపుడు, గోటువాద్యం మీద కర్ర జారినపుడు మారేది పొడవు. బిగువు అట్లే ఉండును గనుక, వ్రేలు మొదటి చోటికి వస్తే స్వరమూ మొదటి చోటికే వచ్చును. బిగువు మార్చే వాద్యాలకే చిక్కు.

ఆ చిక్కు ఎంత సూక్ష్మమో అంకెలతో చూడవచ్చును. 648 మిల్లీమీటర్ల పొడవు గల గిటారు మీద అన్నిటికంటె సన్నని ఉక్కు తీగ మందం 0.254 మి.మీ. అనుకొందము. అది సెకండుకు సుమారు 330 సార్లు కంపించవలెనంటే దానికి 7.4 కిలోల బరువు వ్రేలాడదీసినంత బిగువు కావలెను. ఆ బిగువుకు తీగ సుమారు 4.6 మి.మీ. సాగి ఉండును. ఒక స్వరస్థానం, అనగా షడ్జం నుండి శుద్ధ రిషభం వరకు, పెంచవలెనంటే పౌనఃపున్యం దాదాపు 6 శాతం పెరగవలెను. అందుకు బిగువు 12 శాతం పెరగవలెను. అందుకు తీగ మరి 0.56 మి.మీ. సాగితే చాలును. అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. వెంట్రుక మందం 0.07 మి.మీ. అనుకొంటే, తీగ తిరిగి వచ్చుటలో వెంట్రుకవాసి లోపించినా స్వరస్థానంలో ఎనిమిదవ వంతు తప్పిపోయినట్లే. మనవారు చెప్పే ప్రమాణ శ్రుతిలో అది సగానికి పైమాట. చెవి ఉన్నవాడెవడూ దానిని సహించడు.

వీణ దీనిని ఎట్లు పరిష్కరించినది? రెండు స్థాయిలకు పన్నెండేసి చొప్పున 24 మెట్లు స్థిరంగా అమర్చిన నేటి వీణ తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో, 17వ శతాబ్ది తొలిభాగంలో, రూపొందినదని సంప్రదాయం. కంచు మెట్లు మైనపు గట్ల మీద ఎత్తుగా నిలిచి ఉండును. వైణికుడు మెట్టు మీద తీగను ప్రక్కకు లాగును. బిగువు పెరిగి స్వరం పైకి పోవును. ఇట్లు లాగుటవలన స్వరం పెరుగుటయే గాని తగ్గదు. అందుకని స్వరానికి క్రిందుగా కూడ ఊపవలసి వచ్చినపుడు ఒక మెట్టు వెనుక వ్రేలుంచి, అక్కడ నుండి లాగి పట్టి, సడలించును. తిరిగి రావలసిన చోటు ఏదో చెప్పేది చెవి. దానిని పాటించేది వ్రేలు. వెంట్రుకవాసి తప్పినా వ్రేలు వెంటనే సవరించుకొనును. యంత్రశాస్త్రంలో దీనికి ఇంత కంటె మంచి ఏర్పాటు లేదని నా అభిప్రాయం. అయితే దానికి పది ఏండ్ల సాధన కావలెను, మీటకు అక్కరలేదు. అదే మీట ఆకర్షణ.

ఆ మీటకు మొదటి చెప్పుకోదగిన రూపమిచ్చినవాడు కాలిఫోర్నియాకు చెందిన క్లేటన్ ఆర్ కాఫ్మన్. స్నేహితులు ‘డాక్’ అని పిలిచేవారు. ఆ రోజుల్లో అమెరికాలో హవాయి గిటారు వెర్రిగా వ్యాపించి ఉన్నది. తీగల మీద ఉక్కు కడ్డీని జార్చుచు, ఊపుచు వాయించే ఆ నాదాన్ని మామూలు గిటారు మీద కూడ రాబట్టవలెనని కోరిక. కాఫ్మన్ 1929లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు. 1932లో అది మంజూరైనది. తీగల చివర కట్టే లోహపు పలకను ఒక మీటతో కదిలించుట దాని సారాంశం. ‘వైబ్రోలా’ పేరుతో అది అమ్ముడుపోయినది. ఊపుట బాగానే ఊపినది గాని, ఊపిన తరువాత తీగలు శ్రుతిలో నిలిచేవి కావు.

మెర్ల్ ట్రావిస్ అనే ప్రసిద్ధ గిటారు వాద్యకారుడు తన వైబ్రోలాను బాగుచేయుమని పాల్ బిగ్స్‌బీ అనే పనివానికి ఇచ్చినాడు. బిగ్స్‌బీ మోటారు సైకిళ్ల పనిలో చేయి తిరిగినవాడు. బాగుచేయుట కంటె కొత్తది చేయుటే మేలని తలచి, 1940ల చివరిలో వేరొక ఏర్పాటు చేసినాడు. తీగలన్నీ ఒక గుండ్రని ఇరుసుకు చుట్టుకొని ఉండును. మీట ఆ ఇరుసును కొద్దిగా త్రిప్పును. మీట క్రింద ఒకే ఒక పొట్టి స్ప్రింగు దానిని వెనుకకు నెట్టును. కదలిక స్వల్పం కాబట్టి తప్పూ స్వల్పమే. నేటికీ దానిని ఇష్టపడేవారున్నారు.

ఇక లియో ఫెండర్. రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన ఈయన 1945లో కాఫ్మన్‌తో కలిసి కొంతకాలం గిటార్లు, ఆంప్లిఫయర్లు తయారుచేసినాడు. మొదటి మీట చేసినవాడూ, దానిని ఒక దారికి తెచ్చినవాడూ ఒకప్పుడు భాగస్వాములన్నమాట. ఫెండర్ కంపెనీ 1954లో విడుదల చేసిన స్ట్రాటోకాస్టర్ గిటారులో మీట రూపం పూర్తిగా మారినది. దానికి పేటెంటు 1956లో వచ్చినది.

స్ట్రాటోకాస్టర్‌లో బ్రిడ్జి, అనగా తీగలను మోసే వంతెన, కదలని వస్తువు కాదు. దాని ముందు అంచు ఆరు మరమేకుల తలల క్రింద ఆనుకొని, తలుపు బందు మీద వలె ఊగును. దానికి క్రింద ఒక బరువైన ఉక్కు దిమ్మ గిటారు కొయ్యలోని తొర్రలోనికి దిగి ఉండును. ఆ దిమ్మ అడుగు అంచును గిటారు వెనుక వైపున ఉన్న స్ప్రింగులు లాగుచుండును. పైన తీగలు ఒక వైపు లాగును. క్రింద స్ప్రింగులు రెండవ ప్రభావంతో ఎదురు నిలుచును. ఆరు తీగల మొత్తం బిగువు సుమారు 47 కిలోలు. కోమటి త్రాసులో రెండు తట్టలు సమంగా నిలిచినట్లు, ఈ రెండు లాగుళ్ల భ్రామకాలు సమమైన చోట బ్రిడ్జి నిలుచును. మీట నొక్కితే తీగలు సడలి స్ప్రింగులు సాగును. విడిచితే స్ప్రింగులు మళ్ళీ తమ సమతాస్థితికి లాగుకొని వచ్చును. బ్రిడ్జి వెనుక అంచు చెక్క నుండి కొద్దిగా లేచి ఉన్నదా, మీటను పైకి లాగి స్వరం పెంచుట కూడ సాధ్యమే.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. స్వరం ఎత్తును ఊపుటకు పాశ్చాత్యులు వాడే మాట వైబ్రాటో. ధ్వని తీవ్రతను, అనగా గట్టిగా మెల్లగా వినిపించుటను, ఊపితే అది ట్రెమొలో. ఫెండర్ తన మీటకు ట్రెమొలో అని పేరు పెట్టినాడు. తన ఆంప్లిఫయర్లు పెక్కింటిలో ధ్వని తీవ్రతను ఊపే ఏర్పాటుకు వైబ్రాటో అని పేరు పెట్టినాడు. రెండూ తారుమారు! లోకం మాత్రం ఆ పేర్లతోనే సర్దుకొన్నది. ఆరు రకాల ఊపులకు ఆరు పేర్లు పెట్టిన శార్ఙ్గదేవుడు వింటే ఏమనునో.

త్రాసు అని చెప్పుకొన్నాము గదా. ఆ పోలికను విడువకుండ చూస్తే దీని సవరణ అంతా బోధపడును. ఒక తీగ తెగినదనుకొందము. తీగల వైపు తట్ట తేలికైనది. స్ప్రింగులు గెలిచి బ్రిడ్జిని వెనుకకు లాగును. మిగిలిన ఐదు తీగలూ మరింత బిగిసి వాటి స్వరాలు పెరిగిపోవును. కచేరీ నడుమ ఇది జరిగితే ఆ గిటారు ఇక పనికిరాదు. అట్లే, శ్రుతి చేయునపుడు మొదటి తీగను బిగించితే బ్రిడ్జి ముందుకు ఒరిగి మిగిలినవి వదులగును. రెండవదానిని సరిచేస్తే మొదటిది తప్పును. విద్యార్థులు దీనితో విసిగి గిటారును నిందింతురు. నింద అక్కరలేదు, మూడు నాలుగు సార్లు వరుసగా చుట్టి వస్తే ప్రతి చుట్టుకూ తప్పు తగ్గుచు వచ్చి చివరకు నిలుచును.

అన్ని తీగలూ శ్రుతికి వచ్చిన తరువాత బ్రిడ్జిని ప్రక్క నుండి చూడవలెను. వెనుక అంచు చెక్కకు సుమారు 3 మి.మీ. ఎత్తులో ఉండుట ఫెండర్ పద్ధతి. మరీ లేచి ఉంటే స్ప్రింగుల లాగుడు చాలలేదన్నమాట: గిటారు వెనుక మూత విప్పి, స్ప్రింగులు తగిలించిన కొక్కెపు పలకను పట్టియున్న రెండు మరమేకులను అర చుట్టు బిగించి, మళ్ళీ శ్రుతి చేసి చూడవలెను. మరీ క్రిందికి అణగి ఉంటే వదులు చేయవలెను. ఒకేసారి నాలుగు చుట్లు త్రిప్పరాదు. కొత్త తీగలు వేయునపుడు ఒకదాని తరువాత ఒకటిగా మార్చుట మేలు. ఆరూ ఒక్కసారి తీసివేస్తే ఎదురులాగుడు లేక బ్రిడ్జి వెనుకకు పడిపోవును.

ఉపాధ్యాయులు తరగతిలో అడుగదగిన ప్రశ్న ఒకటున్నది. ఆ తొర్రలో ఐదు స్ప్రింగులకు చోటున్నది. సాధారణంగా మూడే తగిలింతురు. ఐదు తగిలించి పలకను కొంచెం వదులు చేస్తే సమతాస్థితి అదే కదా, తేడా ఏమి? నిలిచే చోటు అదే. కాని స్ప్రింగులు పెరిగినకొద్దీ బ్రిడ్జిని అక్కడ నుండి కదిలించుటకు ఎక్కువ బలం కావలెను. మీట గట్టిపడును, బ్రిడ్జి చలించుట తగ్గును. సమతాస్థితి ఒకటి, దాని గట్టిదనం మరొకటి అని చెప్పుటకు ఇంత కంటె మంచి ఉదాహరణ నాకు తోచదు.

మన సంగీతం గిటారు మీద వాయింపగోరేవారికి ఈ విషయం ముఖ్యం. వీణ మీద వలె ఒక తీగను వ్రేలితో ప్రక్కకు లాగితే, తేలియాడే బ్రిడ్జి ముందుకు ఒరిగి ఆ లాగుడులో కొంత తానే మ్రింగివేయును. అదే సమయంలో ప్రక్కన మ్రోగుచున్న శ్రుతి తీగ స్వరం కూడ క్రిందికి జారును. గమకం కోసం వ్రేలిని నమ్ముకొన్నవారు స్ప్రింగులను బిగించి బ్రిడ్జిని చెక్కకు ఆనించి ఉంచుకొనుటే మంచిది. అప్పుడు మీటతో స్వరాన్ని క్రిందికి దింపవచ్చును గాని పైకి ఎత్తలేము. ఆ నష్టం చిన్నది.

ఇన్ని చేసినా తీగ ఒక్కొక్కప్పుడు శ్రుతికి రాదు. దోషి సామాన్యంగా బ్రిడ్జి కాదు. రెండవ కొసన, వీణలో మేరువున్న చోట, గిటారుకు నట్ అనే చిన్న గాడుల పట్టీ ఉన్నది. తీగ ఆ గాడి మీదుగా పోయి బిరడాకు చుట్టుకొనును. మీట నొక్కినపుడు వాయించే భాగంలో బిగువు తగ్గును. బిరడా వైపు భాగంలో ఇంకను బిగువున్నది గనుక అది కొద్దిపాటి తీగను గాడి గుండా తన వైపు లాగుకొనును. మీట విడిచినపుడు ఆ తీగ వెనుకకు రావలెను. గాడిలో ఘర్షణ ఉంటే రాదు. వాయించే భాగంలో తీగ తక్కువై స్వరం ఎక్కువగా నిలుచును. కాబట్టి మీట నొక్కి విడిచిన తరువాత స్వరం హెచ్చుగా ఉంటే గాడిని అనుమానించవలెను. మీటను పైకి లాగి విడిచితే ఇదే తప్పు రెండవ దిక్కున, తగ్గుగా కనిపించును. మందు చవకైనది: పెన్సిలు ముల్లు గీకిన పొడి. గ్రాఫైటు పొరలు ఒకదాని మీద ఒకటి సులభంగా జారును. గాడి తీగకు ఇరుకైతే మాత్రం నేర్పరియైన పనివాడు ఆకురాయితో సరిచేయవలెను. బిరడాకు రెండు మూడు చుట్లు చాలును. ఎక్కువ చుడితే ఆ చుట్లే సర్దుకొనుచు శ్రుతి తప్పించును. కొత్త తీగలను వేసిన వెంటనే చేత మెల్లగా లాగి సాగదీయవలెను.

బాపట్ల, రేపల్లె వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి మరొక శత్రువు. స్ప్రింగులు, బ్రిడ్జి ఆనే అంచు, మరమేకుల తలలు తుప్పుపట్టితే అక్కడా ఘర్షణ పుట్టును. వాయించిన తరువాత పొడిగుడ్డతో తుడిచి, అంచు ఆనే చోట ఏడాదికి ఒకటి రెండు మార్లు ఒక చుక్క సన్నని నూనె వేయుట చాలును.

1960లో ఇంగ్లండులో హ్యాంక్ మార్విన్ ఈ మీటను సున్నితంగా తాకుచు వాయించి పేరుపొందినాడు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో జిమి హెండ్రిక్స్ అమెరికా జాతీయగీతం నడుమ అదే మీటను అణచి, బాంబులు పడుచున్న చప్పుడు పలికించినాడు. ఫెండర్ ఊహించిన ఊపు ఇది కాదు. తీగలు వ్రేలాడిపోయేంత వరకు నొక్కుట. అంత దూరం పోయిన తీగ వెంట్రుకవాసి తప్పక తిరిగి వచ్చుట సామాన్యమా?

దానికి పరిష్కారం వెదకినవాడు ఫ్లాయిడ్ రోజ్. గిటారు వాయించుటయే కాక ఆభరణాలు చేసే పని తెలిసినవాడు. ఘర్షణను తగ్గించుటకు బదులు, గాడిలో తీగ జరుగుటకే వీలు లేకుండ నట్ వద్ద లోహపు బిళ్లలతో దానిని బిగించివేసినాడు. బ్రిడ్జి వద్ద కూడ తీగ కొసను అట్లే బంధించినాడు. ఆరు మరమేకులకు బదులు కత్తివాదర వంటి అంచు రెండు స్తంభాల మీద ఆనును. 1979లో పేటెంటు వచ్చినది. తీగ ఎటూ జరుగదు, కాబట్టి ఎంత ఊపినా తిరిగి వచ్చును. అయితే నట్ బిగించిన తరువాత బిరడాలు త్రిప్పి లాభం లేదు. శ్రుతి సవరించుట ఎట్లు? కొంతకాలానికి బ్రిడ్జి వెనుక తీగకొక చిన్న మర అమర్చి ఆ ఇబ్బంది తీర్చినారు. దీనిని చూచినపుడు వైణికులకు చిరునవ్వు వచ్చును. వీణ బ్రిడ్జికి వెనుక, తీగల కొసలను పట్టియుంచే లంగర్లున్నవి. వాటి మీది ఉంగరాలను జరిపి బిరడా ముట్టకుండ శ్రుతిని వెంట్రుకవాసి సవరించుట మనకు ఎప్పటినుండో వాడుక.

మీట ఇంత అభివృద్ధి చెందినా మన సంగీతంలో అది పాతుకొనలేదు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ సంగతి చూడండి. మాండలిన్ నాదం మీటిన వెంటనే ఆరిపోవును. గమకానికి నిలుకడైన నాదం కావలెను. ఆయన విద్యుత్ మాండలిన్ చేపట్టినాడు. జంట తీగలను విడిచి ఐదు ఒంటి తీగలు పెట్టించుకొన్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో బాలుడుగా తొలి కచేరీ చేసినది మొదలు 2014లో మరణించు వరకు ఆ వాద్యం మీదనే గమకాన్ని పలికించినాడు. విద్యుత్తును తీసికొన్నాడు, మీటను తీసికొనలేదు. కారణం ఊహించవచ్చును: మీట అన్ని తీగలనూ ఒక్క తీరుగా ఊపును, రాగానికి తగిన ఊపు ఏ స్వరానికి ఎంత అన్నది దానికి తెలియదు.

గిటారు లేని పాఠశాలలో కూడ ఈ తిరిగి రాకుండుటను చూపవచ్చును. సోనోమీటరు తీగకు 4 కిలోల బరువు తగిలించి, మెట్లు జరిపి శ్రుతిదండంతో అనునాదానికి తీసికొని రండి. అర కిలో కలపండి. స్వరం దాదాపు సరిగా ఒక స్వరస్థానం పెరుగును. ఆ అర కిలోను మెల్లగా తీసివేసి, శ్రుతిదండాన్ని, తీగను కలిపి మ్రోగించి వినండి. విస్పందనాలు వినవచ్చునేమో లెక్కించండి. తరువాత 4 కిలోల నుండి అర కిలో తగ్గించి, మళ్ళీ కలిపి, అట్లే వినండి. బరువు రెండుసార్లూ 4 కిలోలే. మొదటిసారి స్వరం కొంచెం హెచ్చు, రెండవసారి కొంచెం తగ్గు కనిపించినచో, కప్పీ ఇరుసుకు ఒక చుక్క నూనె, మెట్ల మీద పెన్సిలు పొడి వేసి మళ్ళీ లెక్కించమని విద్యార్థులకు చెప్పండి.